పైలటమ్మ రిటైరైంది

డిపో మేనేజరు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. మొదటిసారి మామూలుగా, రెండోసారి కళ్లద్దాలు తీసి, మూడోసారి మళ్లీ పెట్టుకుని. తర్వాత తలెత్తి ఎదురుగా నిలబడ్డ డ్రైవరును ఎగాదిగా చూశాడు.

"ఒంట్లో బాలేదా అమ్మా?"

"బ్రహ్మాండంగా ఉంది సార్."

"మరి ఇంట్లో ఏమైనా..."

"ఇంట్లోనూ బాగానే ఉంది."

"నలభై మూడేళ్లకి ఎవరైనా రిటైరవుతారా?"

"నేనవుతున్నాను కదా సార్," అంది ఆమె. నవ్వు బయటపడకుండా చెంపల్ని లోపలినుంచి పళ్లతో పట్టుకుని ఉంచాల్సి వచ్చింది.

ఆమెను అందరూ పైలటమ్మ అనేవాళ్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన బస్సెక్కగానే నిద్రపోయి, చివరి స్టాపులో కండక్టరు తట్టి లేపితే ఉలిక్కిపడి, "దిగిందా విమానం?" అని అడిగాడట. అంత మెత్తగా నడిపేది. ఆ రోజునుంచి అసలు పేరు జీతం కాగితాల మీదే మిగిలింది. పంతొమ్మిదేళ్లు పదకొండో నంబరు బస్సు నడిపింది. రైల్వే స్టేషను నుంచి పిండి మిల్లుల దాకా, మళ్లీ వెనక్కి, రోజుకు ఆరు ట్రిప్పులు.

మరి ఉన్నట్టుండి ఈ రిటైర్‌మెంటు ఎక్కడినుంచి ఊడిపడిందంటే, ఒక రాళ్ల నేల నుంచి. తండ్రి పోయేముందు ఆమె పేర రాసిన నేల అది. గడ్డి కూడా మొహమాటానికి మొలిచినట్టు అక్కడొకటి ఇక్కడొకటి మొలిచేది. చుట్టాలంతా ఆమెను చూసి జాలిపడ్డారు. ఇరవై ఏళ్లు ఆ నేల వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. ఈమధ్యే ఆ పక్కనుంచి పెద్ద రోడ్డు పడింది. గోదాములు కట్టే కంపెనీ ఒకటి వచ్చి, పంటలు వద్దు, చదునైన గట్టి నేల కావాలంది. రెండు నెలలు తిరిగేసరికి పైలటమ్మ చేతిలో, ఇంకో రెండు జన్మలు స్టీరింగ్ తిప్పినా రాని డబ్బు పడింది.

డిపో మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగింది. కింద కండక్టరు టికెట్ మిషను మెళ్లో వేసుకుని నిలబడి ఉంది. పదకొండేళ్లుగా ఆ బస్సులో వెనకనుంచి వినిపించే గొంతు ఆవిడదే. చిల్లర కోసం పొద్దస్తమానం అరుస్తుంది కాబట్టి చిల్లరమ్మ అని పేరు పడిపోయింది. పైలటమ్మ కంటే ఆరేళ్లు చిన్న. భర్త లేడు, ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు.

"ఇచ్చేశాను," అంది పైలటమ్మ, పరుగెత్తుకొచ్చి ఆవిడ భుజాలు పట్టుకుని ఊపేస్తూ. "నువ్వు కూడా ఇచ్చెయ్. నీ జీతం నేనిస్తా. నెలనెలా ఒకటో తారీఖున, ఇక్కడకంటే ముందే."

"ఏం పని చెయ్యాలి?"

"పనేంటే పిచ్చిదానా, ఏమీ వద్దు. తిరుగుదాం. సముద్రం చూద్దాం. పొద్దెక్కేదాకా పడుకుందాం."

చిల్లరమ్మ టికెట్ మిషను పట్టీ సరిచేసుకుంది. "అంటే నీతో పాటు తిరగడానికి నన్ను జీతానికి పెట్టుకుంటావన్నమాట."

"అలా అంటావేంటి?"

"ఎలా అన్నా అంతే కదా అక్కా. నీ ఫ్రెండుగా ఊరికే వస్తాను. జీతానికి రాను." అనేసి బస్సెక్కింది. ఆ రోజు కొత్త డ్రైవరు. పైలటమ్మ అక్కడే నిలబడి, తన బస్సు తను లేకుండా గేటు దాటడం మొదటిసారి చూసింది. సెకండ్ గేరు ఆలస్యంగా వేశాడు వాడు. ఒళ్లు మండింది. అయితే అంత సంతోషంగా ఉన్న రోజున కోపం ఎంతసేపు నిలబడుతుంది? వీధి మలుపు తిరిగేలోపే మళ్లీ గాల్లో తేలుతూ నడిచింది.

మొదటి నలభై రోజులూ నిజంగానే గొప్పగా గడిచాయి. ఈ మాట ఆమె తర్వాత ఎవరడిగినా దాచకుండా చెప్పేది. డబ్బుతో సుఖం రాదని ఎవరైనా పెద్దమనిషి తరహాలో అంటే వాళ్లమీద విరుచుకుపడేది. "వస్తుందండీ. ఎందుకు రాదు? నేను చూశాను కదా." తొమ్మిదో అంతస్తులో మూడు గదుల ఇల్లు కొన్నారు. కుళాయి తిప్పితే వేడినీళ్లు. పంతొమ్మిదేళ్లుగా తెల్లవారుజామున నాలుగింటికి లేచిన మనిషి, ఎనిమిదింటికి లేచి, ఎండను చూసి, మళ్లీ దుప్పటి కప్పుకుని, కావాలనే ఇంకో అరగంట పడుకునేది. నడుంనొప్పి పోయింది. అప్పిచ్చిన ప్రతి చుట్టానికీ బాకీ తీర్చేసింది. చిల్లరమ్మకు మాత్రం ఏమీ ఇవ్వబోలేదు. మళ్లీ ఆ మొహం చూడాలంటే భయం వేసింది.

ఆమె భర్త టైలరు. బజారులో చిన్న షాపు, రెండు మిషన్లు, గోడ నిండా కాగితం ప్యాటర్న్‌లు. ఆయన్నీ మానెయ్యమంది.

"మానేసి?" అన్నాడాయన, నోట్లో గుండుసూదులతోనే.

"సుఖపడదామండీ."

"ఇప్పుడు కష్టపడుతున్నానని ఎవరు చెప్పారు నీకు?"

బలవంతం మీద నాలుగు రోజులు సముద్రానికి వచ్చాడు. మూడో రోజునుంచీ ఒడ్డున తిరిగేవాళ్ల చొక్కాలు చూసి, "ఆ భుజం కుట్టు చూడు, అన్యాయం," అని గొణగడం మొదలుపెట్టాడు. స్కూళ్లు తెరిచే రోజులు, యూనిఫాంలు రెండొందల జతలు కుట్టాలి. ఐదో రోజు పొద్దున్నే తిరుగు బస్సెక్కేశాడు.

పైలటమ్మ ఒక్కతే ఉండిపోయి, ఇంకో మూడు రోజులు సముద్రం చూసి, వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటులో కూర్చుంది. అప్పుడు తెలిసింది ఆమెకొక విషయం. ఇన్నేళ్లలో ఆమె రోడ్డునే చూసింది గానీ రోడ్డు పక్కన ఏముందో చూడలేదు. మేడల మీద ఆరేసిన బట్టలు, బాల్కనీలో చదరంగం ఆడుకుంటున్న ముసలి అన్నదమ్ములు, ఒక గోడ నిండా ఎవరో గీసిన నీలం ఏనుగు. చిన్నపిల్లలా అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంది.

ఇంటికొచ్చిన మర్నాడే నెల పాసు తీసుకుంది. ఊళ్లో మొత్తం నలభై రెండు రూట్లు. అన్నీ చివరిదాకా తిరగాలని పట్టుపట్టింది. పొద్దున్న తొమ్మిదింటికి తయారై బయటికి వస్తుంటే, పక్క ఫ్లాటావిడ "ఎక్కడికండీ?" అని అడిగేది. "ఇవాళ పద్నాలుగో నంబరు," అనేది ఈమె, తీర్థయాత్రకు వెళ్తున్నంత ఉత్సాహంగా. ఆవిడకేమీ అర్థమయ్యేది కాదు.

డ్రైవర్లకు మాత్రం ప్రాణసంకటం. అందరూ ఎరిగినవాళ్లే. వెనకనుంచి ఆమె ఏమీ అనకపోయినా, బ్రేకు కాస్త గట్టిగా పడితే చాలు, "చ్" అన్న చప్పుడు వినబడేది. ఒకతను ఏకంగా బస్సు ఆపి వెనక్కి తిరిగి దండం పెట్టాడు. "అమ్మా, మీరు అన్నిటికంటే చివరి సీట్లో కూర్చుంటే నేను క్షేమంగా నడుపుతాను. మీ పాసుకి డబ్బులు కూడా నేనే ఇస్తాను."

ఇలా రెండు నెలలు. ఇరవై ఆరు రూట్లు పూర్తయ్యేసరికి ఉత్సాహం కొంచెం సడలింది. ఒకరోజు ఫ్రిజ్ బాగుచేసేవాడి కోసం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంట్లో కూర్చుంది. వాడు రాలేదు. మర్నాడు ఆమె షాపుకు వెళ్లి భర్త పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. గుడ్డ అలా కాదు ఇలా మడతపెట్టాలంది. కత్తెరలు ఆ మేకుకు కాదు ఈ మేకుకు తగిలించాలంది. ఆయన చాలాసేపు ఓర్చుకున్నాడు.

"నీ బస్సులో నేనెప్పుడైనా గేరు మీద చెయ్యి వేశానా?" అన్నాడు చివరికి.

ఆమెకు కోపం రావలసింది. కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆయన మిషను ఆపేశాడు.

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. అదే అయింది," అంది ఆమె. "పొద్దున్న ఆరూ పదికి మొదటి స్టాపులో నలభై మంది నా బస్సు కోసం మెడలు చాచి చూసేవాళ్లు. ఇప్పుడు నేను ఎనిమిదింటికి లేచినా పదింటికి లేచినా ఎవరికీ ఏమీ కాదు. సుఖంగానే ఉందండీ. అబద్ధం చెప్పను. కానీ నాకోసం ఎవరూ చూడట్లేదు."

"నేను చూస్తాను కదా."

"మీరు చూసేది క్యారేజీ కోసం."

ఆయన నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. "మళ్లీ డిపోలో చేరతావా?" అని అడిగాడు. ఆమెకు డిపో రోజులు కళ్లముందు తిరిగాయి. సెలవు కోసం బతిమాలడం, డబుల్ డ్యూటీలు, బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే సంజాయిషీ కాగితం రాయడం. "చస్తే చేరను," అంది. కాకపోతే తను వద్దంటున్నది డ్యూటీనే గానీ స్టీరింగ్‌ని కాదని అప్పుడే ఎక్కడో తోచింది. పైకి అనలేదు.

మర్నాడు ఇరవై ఏడో నంబరు ఎక్కింది. ఊరి చివర గుట్ట కింద ఆ రూటు అయిపోతుంది. బస్సు ఆగింది, జనం దిగారు, దిగినవాళ్లెవరూ అక్కడి వీధుల్లోకి మళ్లలేదు. అందరూ సంచులు సర్దుకుని, చెప్పులు బిగించుకుని, గుట్ట ఎక్కడం మొదలుపెట్టారు. పైన రెండు వందల ఇళ్ల కాలనీ ఉంది. ఒకప్పుడు అక్కడ రాళ్లు కొట్టే పని ఉండేది. పని మూతపడ్డాక అందరూ కిందికొచ్చి ఆసుపత్రుల్లో, హోటళ్లలో, గోదాముల్లో పని చేసుకుంటున్నారు. ఆమెకు ముందు ఇద్దరు ఆడవాళ్లు గ్యాస్ సిలిండరు చెరో పక్క పట్టుకుని, ఇరవై అడుగులకొకసారి దింపుతూ ఎక్కుతున్నారు. మోకాలికి గుడ్డ కట్టుకున్న ఒక ముసలాయన పక్కకు తిరిగి, ఒక్కో అడుగూ కూడబలుక్కుంటూ ఎక్కుతున్నాడు.

"పైకి బస్సు లేదా?" అని అడిగింది ఆమె.

"రోడ్డుంది, బస్సు లేదమ్మా," అన్నాడాయన. "నాలుగు మలుపులు. మూడోది తిరగదంట. ఆఫీసర్లు వచ్చి చూసి వెళ్లారు."

"ఎవరన్నారు తిరగదని?"

"అందరూ."

ఆ మాటతో పైలటమ్మ చెవులు నిక్కపొడుచుకున్నాయి. ఆయన సంచి తను అందుకుని ఎక్కింది. మొదటి మలుపు తేలిక. రెండోది కాస్త ఇరుకు. మూడో మలుపు దగ్గర ఆగిపోయింది. ఒకవైపు నిటారుగా రాయి, ఇంకోవైపు నడుమెత్తు గోడ, దాని అవతల లోయ. రోడ్డు ఏటవాలుగా పైకి లేస్తూనే వెనక్కి తిరిగిపోయింది, మడతపెట్టిన మోచెయ్యిలా. పెద్ద బస్సు తిరగదు, నిజమే. మరి పొట్టి బస్సు? ఆమె సంచి కింద పెట్టి, అడుగుకు అడుగు ఆనిస్తూ కొలవడం మొదలుపెట్టింది. ముసలాయన గోడ మీద కూర్చుని వింతగా చూశాడు.   ఎన్నాళ్లకో ఆమెకు చెయ్యాల్సిన పని కళ్లెదుట కనబడింది.

మర్నాడు షాపుకు తాళం వేయించి మరీ భర్తను లాక్కెళ్లింది, మెడలో ఇంచి టేపుతో సహా. టైలరు గారు నడిరోడ్డు మీద మోకాళ్ల మీద వంగి, గోడ నుంచి రాతి దాకా కొలిచి, చొక్కా కొలతల్లా ముక్కలు ముక్కలుగా చీటీ మీద రాసుకున్నాడు. చుట్టూ పిల్లాపెద్దా మూగారు.

"ఎలా ఉంది?" అంది ఆమె ఊపిరి బిగబట్టి.

"నడుము దగ్గర బాగా బిగుతు," అన్నాడాయన లేచి మోకాళ్లు దులుపుకుంటూ. "కానీ ఒంటికి పడుతుంది. బస్సు ఇరవై రెండు అడుగులు మించకూడదు."

అలాంటి బస్సు ఒకటి దొరికింది. స్కూలువాళ్లు పక్కన పడేసిన ఇరవై నాలుగు సీట్ల బండి, వెనక చక్రాల కింద మట్టి గట్టిపడిపోయి ఉంది. మెకానిక్కు నట్టు దానిచుట్టూ రెండుసార్లు తిరిగాడు. నట్టు అంటే మారుపేరే, పాతికేళ్లుగా డిపో బస్సులు విప్పి బిగించినవాడు.

"ఇది బతికుందని మీకెవరు చెప్పారమ్మా?" అన్నాడు.

"నువ్వు బతికిస్తావని చెప్పారు."

ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ పైలటమ్మ నూనె మరకల ప్యాంటుతో షెడ్డులోనే ఉంది. బ్రేకులు మొత్తం కొత్తవి, క్లచ్ ప్లేట్లు కొత్తవి, స్టీరింగ్ ఇంకో పిడికెడు ఎక్కువ తిరిగేలా సరిచేశారు. సీటు కవర్లు ఎవరు కుట్టారో చెప్పక్కర్లేదు. అన్నీ స్కూలు యూనిఫాంలలో మిగిలిన ముక్కలే, ఒక్కో సీటు ఒక్కో రంగు. రాత్రి పడుకునే ముందు ఆమె చెప్పే కబుర్లన్నీ గేరు బాక్సు గురించే.

"రిటైరయ్యాక నువ్వు పడే కష్టం చూస్తుంటే నాకు ఈ షాపే మేలనిపిస్తోంది," అన్నాడు భర్త.

ఇక మిగిలింది పర్మిట్టు. రోడ్డు ఇన్‌స్పెక్టరు మాటల పొదుపు మనిషి. కాగితాలన్నీ చూసి, "ఆ మలుపు నేనే చూసి తిరగదని రాశాను," అన్నాడు.

"పెద్ద బస్సుకి రాశారు సార్."

"తిరగదు."

"మీరు కూర్చోండి, నేను తిప్పుతాను."

ఆయన పెన్ను మూత పెట్టాడు. "ఆదివారం. నిండు బరువుతో. కండక్టరు ఉండాలి. గోడకి గీత పడినా, బండి వెనక్కి జారినా కుదరదు."

కండక్టరు. ఆ మాటకు పైలటమ్మకు గుర్తొచ్చింది ఒక్కరే. ఏడు నెలలైంది చిల్లరమ్మతో మాట్లాడి.

సాయంత్రం డ్యూటీ దిగే వేళకు డిపో గేటు దగ్గర నిలబడింది. చిల్లరమ్మ ఆమెను చూసి ఆగింది. ఇద్దరూ టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నారు. పైలటమ్మ గుట్ట గురించి, మలుపు గురించి, బస్సు గురించి ఊపిరి తీసుకోకుండా చెప్పింది. చెప్తూ చెప్తూ టీ చల్లార్చేసింది. చిల్లరమ్మ అంతా విని, "నన్ను ఉద్యోగం మానెయ్యమనడానికేనా మళ్లీ?" అంది.

"కాదే."

"ఎందుకంటే అది నాకు కుదరదక్కా. నువ్వు మానెయ్యగలవు, నీకు వెనక డబ్బుంది. నాకు వెనక ఇద్దరు పిల్లలున్నారు. నీకది సరదా, నాకది తిండి. ఆ రోజు నువ్వు దాన్ని ఒక్క మాటలో తీసిపారేశావు. నాకు ఒళ్లు మండింది."

పైలటమ్మ తల వంచుకుంది. ఏడు నెలలుగా తనకు అర్థం కానిది అదే. చేతిలో డబ్బు పడ్డాక, లేనివాళ్లు ఎలా ఆలోచిస్తారో మర్చిపోవడానికి ఆమెకు రెండు నెలలు కూడా పట్టలేదు. "తప్పు నాదే," అంది. "ఉద్యోగం మానొద్దు. ఆదివారం నీకు వారపు సెలవు కదా. ఆ ఒక్క రోజు రా. నీ గొంతు వెనకనుంచి వినబడకపోతే నాకు ఆ మలుపు తిరగదు."

"జీతం?"

"ఇవ్వను."

చిల్లరమ్మ ఏడు నెలల తర్వాత మొదటిసారి నవ్వింది. "అయితే వస్తాను."

ఆదివారం పొద్దున ఏడింటికి ఇరవై మూడు సీట్లలో ఇసుక బస్తాలు కూర్చున్నాయి, టికెట్ తీసుకున్నంత బుద్ధిగా. ముందు సీటులో ఇన్‌స్పెక్టరు, ఒళ్లో ఫైలు. వెనక తలుపు దగ్గర చిల్లరమ్మ, చేతిలో చక్రానికి అడ్డం వెయ్యడానికి వేపచెక్క దిమ్మ. కాలనీ మొత్తం గోడల మీద, మేడల మీద, బండరాళ్ల మీద నిలబడి ఉంది. టైలరు గారు మూడో మలుపు దగ్గర గోడకు ఇటువైపు నిలబడ్డాడు. చూడలేక కళ్లు మూసుకున్నాడని తర్వాత జనం చెప్పారు.

"రైట్ రైట్," అంది చిల్లరమ్మ.

మొదటి మలుపు నవ్వుతూ తిరిగింది బండి. రెండోది కూడా. మూడోదానికి ముందు పైలటమ్మ ఫస్ట్ గేరు వేసి, రాతికి వీలైనంత దగ్గరగా తీసుకెళ్లింది, అద్దం రాయిని ముద్దు పెట్టుకుంటుందా అన్నంత దగ్గరగా. స్టీరింగ్ పూర్తిగా తిప్పింది. ముందు భాగం గోడ మీదుగా లోయలోకి తొంగి చూసింది. ఇన్‌స్పెక్టరు ఫైలు వదిలేసి కడ్డీ పట్టుకున్నాడు. సగం తిరిగింది. ముప్పాతిక తిరిగింది. అప్పుడు వెనక చక్రం కింద గులకరాళ్లు కరకరమన్నాయి. ఇంజను గొంతు మారింది. బండి ఉన్నచోటే ఒక్కసారి వణికింది.

"హోల్డాన్," అన్న కేక వినబడింది. ఆ వెంటనే చిల్లరమ్మ కిందికి దూకిన చప్పుడు, చక్రం వెనక దిమ్మ పడ్డ చప్పుడు. అంతా కనురెప్ప పాటులో జరిగింది. బండి ఒక్క అంగుళం కూడా జారలేదు. పైలటమ్మ హ్యాండ్ బ్రేకు లాగి, ఒక్కసారి గుండెల నిండా గాలి పీల్చుకుంది.  పంతొమ్మిదేళ్లు ఆమె చేతులు నేర్చుకున్నదంతా అప్పుడు పనికొచ్చింది. క్లచ్ వెంట్రుకవాసి వదిలింది, ఇంజను పట్టుకుంది, బ్రేకు దింపింది.

"రైట్... రైట్... ఇంకా ఉంది చోటు, రానీ... రానీ, జానెడు, బెత్తెడు... ఒచ్చేసింది, పోనీ అక్కా, పోనీ!"

బస్సు మోచెయ్యి మలుపు దాటి, నాలుగోది కూడా దాటి, కాలనీ నడుమ నీళ్ల ట్యాంకు దగ్గరికి వచ్చి ఆగింది. ఆ గోల ఇంతా అంతా కాదు. గ్యాస్ సిలిండరు మోసిన ఇద్దరు ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు పట్టుకుని గిరగిరా తిరిగారు. పిల్లలు బస్సు బానెట్టును తడిమి, చెయ్యి కాలి, మళ్లీ తడిమారు. మోకాలి ముసలాయన బస్సు మెట్టు మీద కూర్చుని, "ఇక్కడే దింపు నన్ను," అని నవ్వించాడు.

ఇన్‌స్పెక్టరు దిగి గోడను చూశాడు, బండి పక్కలు చూశాడు, చక్రాల జాడలు చూశాడు. గీత లేదు. అంగీ చేతితో నుదురు తుడుచుకుని, "దిగేటప్పుడు కూడా చూడాలి," అన్నాడు.

"రండి సార్, కూర్చోండి."

"నేను నడిచి వస్తాను," అన్నాడాయన. ఆయన అన్నదాంట్లో జోకు ఎంతో, నిజం ఎంతో ఎవరికీ తెలియలేదు. బండి కిందికి మూడుసార్లు దిగి ఎక్కాక సంతకం పెట్టాడు. వాన రోజుల్లో నడపకూడదని షరతు రాశాడు.

అలా పైలటమ్మ మళ్లీ నాలుగింటికి లేవడం మొదలుపెట్టింది. రోజుకు పద్నాలుగు ట్రిప్పులు, మధ్యాహ్నం మూడు గంటలు నిద్ర. టికెట్లు కొట్టడానికి కాలనీలోనే ఒకావిడ కుదిరింది. చిల్లరమ్మ ఆదివారాలు వచ్చి ఆవిడకు జనాన్ని ఎలా లోపలికి జరపాలో నేర్పింది. లాభం రాలేదు. డీజిలుకు, టైర్లకు, టికెట్లావిడ జీతానికి చాలనిది రాళ్ల నేల డబ్బు పూరించింది. దానికి తగ్గట్టు తొమ్మిదో అంతస్తు ఇల్లు అద్దెకిచ్చి, షాపు మీద ఉన్న రెండు గదుల్లోకి మారారు. వేడినీళ్ల కుళాయి మాత్రం అక్కడా పెట్టించుకుంది. అది వదులుకునే ప్రసక్తే లేదంది.

"ఇంత డబ్బుండి ఎందుకమ్మా ఈ తిప్పలు?" అని అడిగేవాళ్లు ఎక్కినవాళ్లు.

"డబ్బుంది కాబట్టే," అనేది. "లేకపోతే ఇంత నష్టానికి బస్సు నడిపే స్వేచ్ఛ ఎవరికుంటుంది చెప్పండి?"

అయితే ఆ స్వేచ్ఛకూ ఓ హద్దుందని తొందరలోనే తెలిసింది. ఒకరోజు చక్కటి ఎండ, సముద్రం గుర్తొచ్చింది. బస్సు తనది, పై అధికారి లేడు, ఎవరినీ అడగక్కర్లేదు. తాళంచెవి పట్టుకుని గుమ్మంలో పావుగంట నిలబడింది. ఆసుపత్రిలో సాయంత్రం ఆరింటికి డ్యూటీ ఎక్కాల్సిన తొమ్మిదిమంది పైన గోడ దగ్గర నిలబడి ఉంటారు. సణుక్కుంటూనే వెళ్లి బండి తీసింది. మొదటి మలుపు దాటేసరికి సణుగుడు మర్చిపోయింది.

రెండేళ్లు నడిచింది. మూడో ఏడు మొదట్లో ఇన్‌స్పెక్టరు బస్సెక్కి, టికెట్ తీసుకుని, ముందు సీట్లో కూర్చున్నాడు. మలుపు దగ్గర కడ్డీ పట్టుకోలేదు. దిగేముందు చెప్పాడు. ఇంతమంది ఎక్కుతున్నారని లెక్క తేలిందట. ఊరి బస్సుల వాళ్లే పొట్టి బస్సులు రెండు కొన్నారట. వచ్చే నెలనుంచి ఈ గుట్టకు నలభై మూడో నంబరు రూటు వస్తుందట. టికెట్ సగం ధర.

"మంచిదే కదా," అంది పైలటమ్మ. మొహంలో నెత్తురు చుక్క లేదు.

మిగిలిన ట్రిప్పులన్నీ నడిపి ఇంటికొచ్చింది. తన ఇంట్లోంచి తననే పొమ్మన్నట్టు అనిపించింది. భర్త టీ కాచి పక్కన పెట్టాడు. తెల్లారాక చిల్లరమ్మ ఎగురుకుంటూ వచ్చింది. నలభై మూడుకు కండక్టరుగా వేయమని తనే అడిగి రాయించుకుందట. "నువ్వు కనిపెట్టిన రూటు ఇంకెవరికో ఎందుకిస్తానక్కా," అంది. ఆ మాటకు పైలటమ్మ ముందు ఏడ్చింది, తర్వాత ఆగకుండా నవ్వింది. నవ్వుతుంటే మెల్లగా తెలిసొచ్చింది. పెద్ద బస్సుల వాళ్లు తిరగదని రాసేసిన చోట, ఇప్పుడు వాళ్ల బస్సే తిరగబోతోంది. అది తన చేతుల మీదుగా అయింది.

నలభై మూడో నంబరు మొదటి ట్రిప్పులో కిటికీ పక్కన కూర్చుని గుట్ట ఎక్కింది. చిల్లరమ్మ టికెట్ కొట్టి, డబ్బులు ముక్కుపిండి వసూలు చేసింది. పైన కాలనీ జనం ఆమెను దిగనివ్వలేదు, ఇంటింటికీ తిప్పారు.

వారం తర్వాత నట్టు షెడ్డులో పొట్టి బస్సు ముందు నిలబడి తల గోక్కున్నాడు.

"మంచి బేరం వచ్చిందమ్మా. అమ్మేద్దామా?"

"అమ్మడమెందుకు?" అంది పైలటమ్మ, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ. ఊరికి అవతల చెరువు కట్ట వెంబడి ఇటుక బట్టీల వాళ్ల ఇళ్లున్నాయని పొద్దున్నే విని వచ్చింది. మెత్తటి మట్టిరోడ్డు, బండి దిగబడుతుందని ఎవరూ వెళ్లరట. ఆ మాట చెప్తుంటే ఆమె మొహం వెలిగిపోతోంది. "ముందు టైర్లు మార్చు. వెడల్పువి కావాలి."